జోలె పట్టిన విద్యార్థి

పూర్వము మన దేశమున విద్యార్థికిని జోలెకును విడదీయరాని సంబంధముండెను. గురుకులమున చదువుకొను బ్రహ్మచారి నాలుగిండ్లు తిరిగి భిక్ష తెచ్చి, గురువునకు సమర్పించి, ఆయన అనుజ్ఞతో భుజించుట ఆచారము. తుమ్మెద పూవు పూవునకు పోయి తేనె కూర్చుకొనునట్లు ఇంటింటను కొంచెము కొంచెముగా గ్రహించుట చేత దీనికి మధుకరవృత్తియని పేరు వచ్చినది. గురుకులములు పోయి బడులును కళాశాలలును వెలసిన తరువాత గూడ మన తెలుగునాట వారాలు చేసికొని చదువుకొన్నవారు ఎందరో కలరు. ఆదివారమొక యింట, సోమవారము వేరొక యింట, ఈ తీరున ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని, ఆ అన్నముతో చదువు సాగించి పెద్దలైనవారిని గూర్చి మన తాతలు కథలుగా చెప్పుచుండిరి. పెట్టిన ఇల్లాలు దానిని గొప్ప దానమని తలపలేదు. తిన్న పిల్లవాడు దానిని చిన్నతనమని తలపలేదు. విద్య నేర్చువానిని పోషించుట సంఘమునకు విధి యను భావము ఇరుపక్షములందును నిలిచియుండెను.

గడచిన నూటయేబది సంవత్సరములలో ఈ జోలె దిశ మారినది. తన కడుపు కొరకు గాక పరుల కడుపు కొరకు విద్యార్థి వీధిలో జోలె పట్టుట ఆరంభమైనది. వరద వచ్చినను, కరవు వచ్చినను, భూమి కంపించినను, తుపాను ఊళ్ళను ముంచినను, మొదట మన తలుపు తట్టునది కళాశాల పిల్లలే. జోలెకు బదులు మూతకు సీలు వేసిన డబ్బా, చేతిలో రసీదు పుస్తకము, అంతియే భేదము. డిసెంబరు 7వ తేదీన సైనికుల సంక్షేమనిధి కొరకు చిన్న జెండాలను పిల్లలు మన చొక్కాలకు గ్రుచ్చు పతాకదినము కూడ 1949 నుండి ఇట్టి ఆచారముగనే సాగుచున్నది.

ఇందు ఆలోచింపదగిన విషయమొకటి కలదు. విద్యార్థికి స్వంత సంపాదన లేదు. అతడు తెచ్చి యిచ్చు డబ్బు మనది; తినుచున్న అన్నము తల్లిదండ్రులది. అట్లయినచో అతడు చేయు దానమేది? ఈ ప్రశ్నకు చరిత్రలో దొరకు సమాధానము కొంత ఆశ్చర్యకరముగనే యుండును. జోలెలో పడిన డబ్బు ఆ యేటి ఆకలిని తీర్చినది. జోలె పట్టినవాడు ఆ తిరుగుడులో కన్నదియు, కని ఆలోచించినదియు, మరి కొన్ని యేండ్లకు ఆ ఆకలి మూలమునే తాకినది. రెండు దేశముల ఉదాహరణములతో ఈ సంగతి వివరింతును.

మొదట ఇంగ్లండు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులందు మన తొలి విశ్వవిద్యాలయములు లండను విశ్వవిద్యాలయపు మాదిరిని ఏర్పడినవి గావున, ఆ దేశపు విద్యార్థి జీవనము మనకు పూర్తిగా పరాయిది కాదు. 19వ శతాబ్దము చివర లండను నగరపు తూర్పు భాగము పేదరికమునకు పేరు మోసినది. రేవులలో దినకూలి దొరకిననాడు తిండి, దొరకనినాడు పస్తు. అందలి వైట్‌చాపెల్ పేటలో శామ్యూల్ బార్నెట్ అను మతాచార్యుడును, ఆయన భార్య హెన్రియెట్టాయు పనిచేయుచుండిరి. వారు ఆక్స్‌ఫర్డుకు పోయి విద్యార్థులను పేదల నడుమకు ఆహ్వానించుచుండిరి. పేదల కొరకు పాటుపడిన ఆర్నాల్డ్ టాయిన్‌బీ అను ఆక్స్‌ఫర్డు పండితుడు 1883లో ముప్పదియేండ్ల వయసుననే మరణించెను. మరుసటి యేడు, 1884లో, ఆయన పేర వైట్‌చాపెల్‌లో టాయిన్‌బీ హాల్ వెలసినది.

ఆ భవనపు ఏర్పాటు విచిత్రమైనది. విశ్వవిద్యాలయమున చదువుకొన్న యువకులు పేదపేటలో కాపురముండవలెను. పగలు తమ ఉద్యోగములు చేసికొని, సాయంకాలములందు ఇరుగుపొరుగువారికి చదువు చెప్పుట, న్యాయసలహా లిచ్చుట, పిల్లలను ఆటలకు తీసికొనిపోవుట వారి పని. విచక్షణ లేక చిల్లర విసరుట పేదవానిని పేదవానిగనే ఉంచునని బార్నెట్ నమ్మకము. పేదవానితో ఇరుగుపొరుగుగా బ్రదికినవాడే అతని కష్టమునకు కారణము తెలిసికొనగలడని ఆయన వాదము.

ఇంతకంటె సందడియైన మార్గము మరియొకటి ఆ దేశమున పుట్టినది. దానిని 'రాగ్' అందురు. సంవత్సరమున కొన్ని దినములు విద్యార్థులు విచిత్రవేషములు ధరించి, అలంకరించిన బండ్లపై ఊరేగుచు, డబ్బాలు గలగలలాడించుచు వీధులవెంట చందాలు పోగుచేయుదురు. మన పగటివేషములవారును సంకురాతిరి హరిదాసులును గుర్తునకు వచ్చెడి వేడుక యిది. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఈ సంబరము అనేక విశ్వవిద్యాలయ నగరములలో వ్యాపించినది. అప్పటి ఆస్పత్రులు చాల భాగము దాతల చందాలపై నడచుచుండుట చేత, ఈ డబ్బులో ఎక్కువ పాలు వానికే చేరుచుండెను. ఊరివారు విద్యార్థుల అల్లరిని సహించిరనిన, ఆ అల్లరి రోగి మంచము దాక పోవుచున్నదని యెరుగుటచేతనే.

ఈ రెండు మార్గములును ఎచ్చటికి చేరినవో చూతము. విలియం బెవరిడ్జ్ అను ఆక్స్‌ఫర్డు పట్టభద్రుడు 1903 నుండి 1905 వరకు టాయిన్‌బీ హాల్‌లో ఉపాధ్యక్షుడుగా నుండెను. పని లేకపోవుట సోమరితనము వలన గాదనియు, పరిశ్రమల తీరు వలన కలుగు వ్యాధియనియు అతడచ్చట గ్రహించి, 1909లో దానినిగూర్చి గ్రంథము వ్రాసెను. అదే ఆక్స్‌ఫర్డులో చదివిన క్లెమెంట్ అట్లీ తూర్పు లండనులో పేద బాలుర సంఘమున పనిచేసి, 1910లో టాయిన్‌బీ హాల్ కార్యదర్శియయ్యెను. భారత స్వాతంత్ర్య కాలమున బ్రిటిషు ప్రధానమంత్రిగా మనమెరిగిన అట్లీ యీతడే. రోగము, నిరుద్యోగము, వార్ధక్యము, వీనినుండి ప్రతి పౌరునికిని రక్షణ కల్పింపవలెనని 1942లో బెవరిడ్జ్ నివేదిక వెలువడినది. అట్లీ ప్రభుత్వము 1948 జులై 5వ తేదీన జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పి, ఆస్పత్రులను ప్రజల పన్నులతో నడుపుట ఆరంభించినది. డబ్బా గలగలలాడించి ఆస్పత్రిని నిలుపవలసిన అగత్యము చాలవరకు తీరినది. రాగ్ సంబరము మాత్రము ఆగిపోలేదు; అది వేరు ధర్మకార్యములవైపు మరలినది.

ఇక మన దేశమునకు వత్తము. 1922 సెప్టెంబరు చివర ఉత్తర వంగమున ఎడతెగని వానలు కురిసి, రాజషాహి, బొగ్రా, పాబ్నా జిల్లాలు జలమయమైనవి. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములో చేరియున్నది. పంట పోయినది, పశువులు పోయినవి, మట్టిగోడల ఇండ్లు కరగిపోయినవి. కలకత్తాలో బెంగాలు సహాయసంఘ మేర్పడి, దాని భారము ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ తలపై పడినది. ఆయన అప్పటికి అరువది దాటినవాడు, రసాయనశాస్త్రమున విఖ్యాతుడు, బెంగాల్ కెమికల్స్ అను మందుల కర్మాగారమునకు స్థాపకుడు. వివాహము లేదు. సైన్సు కళాశాల భవనములోనే ఒక గదిలో కాపురము. అరువదవ యేడు నిండినది మొదలు తన జీతమును విశ్వవిద్యాలయమునకే విడిచిపెట్టినాడు. అట్టివాడు పిలిచినప్పుడు విద్యార్థులు రాకుందురా?

ఆ సైన్సు కళాశాలయే సహాయ కార్యాలయమైనది. ప్రయోగశాలలకు పోవలసిన యువకులు బట్టల మూటలు కట్టుటకును, బియ్యపు బస్తాలు లెక్కించుటకును, వచ్చిన పైకమునకు రసీదులు వ్రాయుటకును కూర్చుండిరి. కొందరు వీధులవెంట చందాలకు పోయిరి; కొందరు రైలెక్కి వరద ప్రాంతమునకు పోయిరి. సివిలు సర్వీసు ఉద్యోగమును మునుపటి యేటనే కాలదన్నిన సుభాస్ చంద్ర బోసు, అప్పటికి ఇరువదియైదేండ్లవాడు, సాంతాహార్ జంక్షను కేంద్రముగా అచ్చటి పనిని నడిపెను. ధనరూపమునను వస్తురూపమునను కలిపి సుమారు 25 లక్షల రూపాయలు ఆ సంఘమునకు చేరినవి. ప్రభుత్వ ఖజానా కాదు, రాజుల దానము కాదు. ఒక రసాయనాచార్యుని పేరుపై గల నమ్మకమునకు జనము చెల్లించిన మొత్తమది.

సహాయము అన్నవస్త్రములతో ఆగలేదు. వరద తీసిన తరువాత రైతునకు చేతిలో పని లేదు. మరుపంట వచ్చువరకు ఎట్లు బ్రదుకును? ఊరక పెట్టిన తిండి అలవాటగునని రాయ్ భయపడి, ఆత్రాయి ప్రాంతమున రాటములు పంచి నూలు వడికించెను. ఒకప్పుడు రాటమును గూర్చి సందేహించిన శాస్త్రజ్ఞుడు వరద నేలపై దాని ప్రయోజనమును కనుగొనెను.

ఈ వరద కథలో మనకు ముఖ్యమైన భాగ మింకను ముందున్నది. రాయ్ శిష్యులలో మేఘనాథ్ సాహా యను యువకుడు కలడు. 1893లో ఢాకా సమీపమున ఒక పల్లెటూరి చిన్న దుకాణదారుని యింట పుట్టినవాడు. ఊరిలో పెద్ద బడి లేకపోగా, దూరపు ఊరిలో ఒక వైద్యుడు తన యింట భోజనము పెట్టి వసతి యిచ్చుటచే చదువుకొన్నవాడు. మన భాషలో చెప్పవలెనన్న, వారాల విద్యార్థి. అతడు కలకత్తాలో ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా 1913లో దామోదర నది పొంగి బర్ద్వాను ప్రాంతమును ముంచినది. విద్యార్థి సేవకుడుగా సాహా ఆ వరదలోనికి పోయెను. 1922 నాటికి అతడు నక్షత్రముల వెలుగును వివరించిన సమీకరణముతో ప్రపంచ ఖ్యాతి పొందిన ఆచార్యుడు. అయినను వరద సహాయమున గురువునకు తోడుగా నిలిచెను.

రెండు వరదలను కన్నులార చూచిన ఆ భౌతికశాస్త్రజ్ఞుడు, నీరు ఎచ్చటినుండి వచ్చినది, ఏల నిలిచినది అని ప్రశ్నించెను. వాన యొక్కటే కారణము కాదనియు, నీటి సహజమార్గమునకు అడ్డముగా వేసిన రైలుకట్టలును, వాని క్రింద చాలినన్ని తూములు లేకపోవుటయు కూడ కారణమనియు రాయ్‌యును సాహాయును వాదించిరి. నదులను శాస్త్రీయముగా పరిశోధింపవలెనని సాహా యేండ్ల తరబడి వ్రాసెను. 1943లో దామోదర నది మరల గట్టు తెంచుకొని, రైలుమార్గమును రోడ్డును కోసి, యుద్ధకాలమున కలకత్తాకు రాకపోకలు నిలిపివేసినప్పుడు ప్రభుత్వము విచారణ సంఘమును నియమించెను. అందు సాహా సభ్యుడు. అమెరికాలోని టెనెసీ లోయ మాదిరిని నది మొత్తమునకు ఒకే యోజన యుండవలెనన్న భావము బలపడి, 1948లో దామోదర్ లోయ సంస్థ ఏర్పడినది. 1953 నుండి 1959 వరకు తిలయ్యా, కోనార్, మైథాన్, పాంచేత్ ఆనకట్టలు నాలుగును వరుసగా పూర్తియైనవి. దామోదర వరదలు దీనితో నిశ్శేషముగా పోయినవని చెప్పరాదు. కాని పూర్వపు ఉద్ధృతి తగ్గినది.

ఆ 1922 వరదయే మరియొక యువ ఆచార్యుని గూడ కదల్చినది. ప్రశాంత చంద్ర మహలనవీసు 1870 నుండి 1922 వరకు ఉత్తర వంగపు వానలెక్కలను వరదలెక్కలను ముందు వేసికొని గణించెను. వరదనీటిని ఆపుటకు విస్తారమగు వ్యయముతో జలాశయములు కట్టవలెనని కొందరు నిపుణులు తలచుచుండగా, కావలసినది నీరు త్వరగా పోవు దారియే యని ఆ లెక్కల వలన తేలినది. భారత గణాంక సంస్థను 1931లో స్థాపించినది ఈయనయే.

చందా వసూలునకును ఆనకట్టకును నడుమ ఇంత పొడవైన దారి కలదని వరద బాధితుని కొరకు మొదటి అణా వేసిన గృహిణికి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. కాని ఆ అణాను పుచ్చుకొన్న విద్యార్థికి తెలియవలెను.

ఇచ్చట లెక్కలను గూర్చి ఒక మాట. పరుల కొరకు పట్టిన జోలె పవిత్రమైనదే గాని, దానికి అడుగున చిల్లు పడుట కూడ సులభమే. ఈ విషయమున జె. సి. కుమారప్ప చరిత్ర స్మరింపదగినది. లండనులో గణకవృత్తి నేర్చి, అమెరికాలో ప్రభుత్వ ఆదాయ వ్యయశాస్త్రము చదివి వచ్చిన ఆయన, గాంధీజీ నెలకొల్పిన గుజరాత్ విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను. విద్యాపీఠపు విద్యార్థులను వెంటబెట్టుకొని ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకా గ్రామములు తిరిగి, రైతు కుటుంబముల ఆదాయమెంత, ఖర్చెంత, అప్పెంత అని ఇంటింట విచారించి, 1931లో ఆ వివరములను గ్రంథముగా వెలువరించెను. రైతు పన్ను కట్టలేడని ఉపన్యాసములో చెప్పుట వేరు. అంకెలతో నిరూపించుట వేరు. ఆ అంకెలు విద్యార్థులు కాలినడకన తెచ్చినవి.

1934 జనవరి 15వ తేదీన బీహారు భూకంపము వచ్చినప్పుడు, బాబూ రాజేంద్రప్రసాదు నాయకత్వమున ఏర్పడిన సహాయసంఘపు ధనమునకు ఈ కుమారప్పయే కాపలాదారుడు. ఎచ్చటెచ్చటనుండియో వచ్చి పనిచేయు సేవకుల దినసరి ఖర్చునకు ఆయన కఠినమైన మితి పెట్టెను. గాంధీజీ వెంట వచ్చు పరివారము ఖర్చులు గూడ బాధితుల నిధిపై పడరాదని నిర్మొగమాటముగా చెప్పి పంపెను. గాంధీజీ అందుకు సంతోషించెనే గాని కోపింపలేదు. సేవకు వచ్చినవాడు సేవానిధిని తినరాదు. ఇది చిన్న నియమము వలె తోచును. జోలెపై జనమునకు గల నమ్మకమంతయు దీనిపైననే నిలిచియున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ప్రశ్న మరియొక రూపమున ముందునకు వచ్చినది. వరద వచ్చినప్పుడు పరుగెత్తుట గాక, ప్రతి విద్యార్థియు చదువులో భాగముగా కొంతకాలము దేశసేవ చేయవలదా? చేయవలెనన్న, అది ఇష్టపూర్వకమా, నిర్బంధమా? ఈ చర్చ మన దేశమున ఇరువది సంవత్సరములు సాగినది.

1948లో నియమింపబడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండి, విద్యార్థుల స్వభావమును దగ్గరనుండి చూచినవారు. ఆ సంఘము విద్యాలయములలో జాతీయ సేవను ప్రవేశపెట్టుమనియు, అది స్వచ్ఛందముగా నుండవలెననియు చెప్పినది. 1950 జనవరిలో కేంద్ర విద్యాసలహా మండలియు అదే త్రోవ పట్టి, విద్యార్థులు కాయకష్టము చేయవలెననియు, ఉపాధ్యాయులును వారితో పలుగు పట్టవలెననియు సూచించినది. మొదటి పంచవర్ష ప్రణాళికా కాలమున శ్రమదాన శిబిరములు దేశమంతట నడచినవి.

1958లో ప్రధాని నెహ్రూ ముఖ్యమంత్రులకు వ్రాయుచు, పట్టము పుచ్చుకొనుటకు ముందు సంఘసేవ చేసియుండుట షరతుగా నుండరాదా యని ప్రశ్నించిరి. మరుసటి యేడు ఆగస్టులో చింతామణి ద్వారకానాథ దేశ్‌ముఖ్ అధ్యక్షతన ఒక సంఘ మేర్పడినది. ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలకు పోగోరు ప్రతివాడును తొమ్మిది నెలలు మొదలు సంవత్సరము వరకు నిర్బంధముగా జాతీయ సేవ చేయవలెనని ఆ సంఘము సిఫారసు చేసినది. అందు కొంత సైనిక శిక్షణ, కొంత సంఘసేవ, కొంత కాయకష్టము, కొంత సామాన్యవిద్య కలసియుండును. కాని అన్ని లక్షల యువకులకు బస, భోజనము, శిక్షకులు ఎచ్చటినుండి తేవలెను? వ్యయభారము చేతను, నడుపుటలోని చిక్కుల చేతను ఆ సూచన ఆగిపోయినది. 1960లో ఆచార్య కె. జి. సయ్యదైన్ అనేక దేశములలోని విద్యార్థి సేవాపద్ధతులను పరిశీలించి మరియొక నివేదిక సమర్పించిరి.

ఇంతలో 1962 చైనా యుద్ధము వచ్చినది. 1963లో కళాశాల విద్యార్థులకు ఎన్. సి. సి. నిర్బంధమైనది. అయిదేండ్లకు, 1968లో, అది మరల స్వచ్ఛందమైనది. కొఠారీ సంఘము 1966లో విద్య యొక్క అన్ని దశలలోను ఏదో యొక సంఘసేవ ఉండవలెనని చెప్పగా, 1967లో విద్యామంత్రుల సమావేశము ఎన్. సి. సి. కి ప్రత్యామ్నాయముగా జాతీయ సేవా పథకమును సూచించినది. గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, కేంద్ర విద్యామంత్రి వి. కె. ఆర్. వి. రావు 37 విశ్వవిద్యాలయములలో ఆ పథకమును ఆరంభించిరి. మొదటి యేడు చేరినవారు 40,000 మంది. నేడు ఆ సంఖ్య లక్షలకు పెరిగినది. ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటల సేవ, ఏడు దినములపాటు ఒక గ్రామమున శిబిరవాసము, ఇది దాని సామాన్య నియమము. చేరుట విద్యార్థి ఇష్టము.

నిర్బంధ పక్షమున బలమైన వాదము లేకపోలేదు. ఇష్టమున్నవారే పోయినచో, పల్లె ముఖము చూడని పట్టణపు పిల్లవాడు ఎన్నటికిని చూడడు; ఎవనికి ఆ చదువు ఎక్కువ అవసరమో వాడే తప్పించుకొనును. ఇది నిజమే. కాని బలవంతముగా చేయించుకొను పనికి తెలుగున ఒక పాతపేరు కలదు, అది వెట్టి. ఆ మాట వెనుక ఎంత కన్నీరు కలదో తెలంగాణపు పల్లెలకు ఒకరు చెప్పనక్కరలేదు. మంచి యుద్దేశముతో పెట్టినను వెట్టి వెట్టియే. అది చేయువాని చేతులు కదలును గాని కన్నులు తెరచుకొనవు; 'ఏల' యని అడుగుటకు అతనికి మనసు పుట్టదు. ధ్రువపత్రము కొరకో, నాలుగు మార్కుల కొరకో గంటలు పూర్తిచేయువాని స్థితియు దీనికి దూరము కాదు. 1913లో సాహాను వరదలోనికి పొమ్మని శాసించిన చట్టమేదియు లేదు. కావున రాధాకృష్ణ పండితుల సంఘము త్రొక్కిన దారియే చివరకు నిలిచినదని నా యభిప్రాయము. పట్టణపు పిల్లవానిని పల్లెకు కదల్పవలసినది చట్టము కాదు; రాయ్ వంటి ఉపాధ్యాయుడు ముందు నడచుట.

మన నేలపై ఈ సేవకు కఠినపరీక్ష 1977 నవంబరు 19వ తేదీన వచ్చినది. ఆనాటి తుపానులో సముద్రము లేచి కృష్ణా, గుంటూరు జిల్లాల తీరగ్రామములపై పడినది. దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకొనిపోయినవి. మరణించినవారు పదివేలకు పైబడిరి. నటులు ఎన్. టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూర తిరిగి బాధితుల కొరకు చందాలు కూర్చుట తెలుగువారు నేటికిని చెప్పుకొనుచుందురు. అట్లే పుస్తకములు ప్రక్కనబెట్టి పోయిన కళాశాల విద్యార్థులును కలరు. అచ్చట వారికి ఎదురైన పని బియ్యము పంచుట మాత్రమే కాదు. శవములను తొలగించి అంత్యక్రియలు జరుపుట. ఇరువదియేండ్లు నిండని పిల్లలకు అది ఎంతటి పాఠమో ఊహింపవచ్చును.

ఆ పాఠము వృథాపోలేదు. తీరము పొడవున తుపాను ఆశ్రయగృహములు వెలసినవి. హెచ్చరిక అందిన వెంటనే జనమును తరలించు పద్ధతి బలపడినది. 1990 మే నెలలో మరల పెనుతుపాను కృష్ణా, గుంటూరు తీరమును తాకినప్పుడు మరణములు వేయికి లోబడినవి. ఒక్క ప్రాణము పోయినను దుఃఖమే. కాని పదివేలకును వేయికిని గల భేదము ఏ చందాల డబ్బాయు తేలేనిది. ప్రభుత్వము, శాస్త్రజ్ఞులు, రేడియో హెచ్చరికను విని ఊరు కదలిన జనులు, అందరును కలసి సాధించినది.

ఈ చరిత్రనంతయు చెప్పినది విద్యార్థుల కొరకు మాత్రమే గాదు. రేడియో ముందు కూర్చుండు గృహస్థుల కొరకు గూడ. రేపు మీ గుమ్మమున డబ్బా పట్టుకొని ఒక పిల్లవాడో పిల్లయో నిలిచినప్పుడు విసుగుకొని తలుపు వేయవలదు; ఆలోచింపక చిల్లర వేసి పంపివేయనువలదు. రసీదు ఏదమ్మా అని అడుగుడు; లెక్క ఎవరికి ఒప్పగింతువని అడుగుడు. రాయ్ వద్దను కుమారప్ప వద్దను పనిచేసిన పిల్లలు ఆ ప్రశ్నకు నొచ్చుకొనియుండరు. ఆ పిదప, నీవును ఆ యూరికి పోవుచున్నావా యని అడుగుడు. పోవుచున్నానని చెప్పినచో మరి కొంత యెక్కువ వేయుడు. మీ యింటి పిల్లలే శిబిరమునకు పోయెదమని అడిగినచో, పరీక్షలు దగ్గరపడినవని అడ్డుపడకుడు. ఏడు దినములలో పోవునంత బలహీనమైన చదువు ఏడేండ్లు చదివినను నిలువదు.

తిరిగి వచ్చిననాడు భోజనము వేళ వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ ఊరికి నీరెచ్చటినుండి వచ్చుచున్నది, దవాఖానా ఎంత దూరము, పిల్లలు బడి మానుట కేమి కారణము అని విచారింపుడు. ఒకటి రెండు ప్రశ్నలకు వారు తెల్లముఖము వేయవచ్చును. అట్లయినను మేలే, మరుసటిసారి ఆ ప్రశ్నలను వెంటబెట్టుకొనియే పోవుదురు.